అక్క నిలువుటద్దం

నా వెనక బండి నడిపేవాళ్లలో సగం మందికి బ్రేకు అనేది ఒకటుందని ఎవరూ చెప్పినట్టు లేదు. మిగతా సగం మందికి హారను ఒక్కటే నేర్పి రోడ్డు మీదికి వదిలారు. ఈ మాట నేను ఇరవై ఏళ్లుగా అంటున్నాను. మా ఆవిడ ఇరవై ఏళ్లుగా "ఊఁ" అంటోంది. ఆ "ఊఁ"కు అర్థం ఏమిటో నాకు ఈ మధ్యే తెలిసింది.

నాది అద్దాల పని. కొలిచి, కోసి, అంచులు నూరి, తీసుకెళ్లి గోడకు బిగిస్తాను. మా నాన్న దగ్గర నేర్చుకున్నాను. ఆయన మొదటి పాఠం, అద్దాన్ని ఎప్పుడూ నిలబెట్టే తీసుకెళ్లాలి. "పడుకున్న అద్దానికి నడుం ఉండదురా, చిన్న గుంటకే విరుగుతుంది" అనేవాడు. రెండో పాఠం, అద్దం మీద కప్పిన కంబళికి తాడు బిగించకూడదు. మధ్యలో ఒక్క ఇసుక రేణువు ఇరుక్కున్నా గీత పడుతుంది. తాళ్లు అంచులకే కట్టి, కంబళిని పైనుంచి రెండు క్లిప్పులతో వేలాడదీయాలి. మూడో పాఠం, అద్దం ఎక్కాక బండి మనిషి నడిచినట్టు పోవాలి. ఈ మూడోది మాత్రం రోడ్డు మీదున్న మిగతా జనానికి చెప్పకుండానే మా నాన్న పోయాడు.

ఆ రోజు నా వ్యాను ఎక్కింది మా అక్క నిలువుటద్దం. అక్క బట్టలు కుడుతుంది. ఇన్నేళ్లూ ఇంటి ముందు గదిలో, కిటికీ పక్కన మిషను వేసుకుని కుట్టింది. ఆమె దగ్గర ఉన్నది అరచేతిలో పట్టే అద్దం ఒక్కటే. కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లు అందులో మెడ ఒకసారి, చెయ్యి ఒకసారి, అంచు ఒకసారి చూసుకుని, మిగతాది అక్క మాట మీద నమ్మి వెళ్లిపోయేవాళ్లు. ఇప్పుడు వీధిలో సొంతంగా ఒక కొట్టు తీసుకుంది. సాయంత్రం నాలుగింటికి తెరుస్తానని పాతవాళ్లందరినీ పిలిచింది. "అందరూ తలనుంచి కాలిదాకా ఒక్కసారిగా చూసుకోవాల్రా. అదొక్కటే నా కోరిక" అంది నాతో.

ఆ కోరిక పోయిన వారమే తీరాల్సింది. మొదటి అద్దం తీసుకెళ్తుంటే ముందున్న లారీవాడు ఉన్నట్టుండి బ్రేకు వేశాడు. నేనూ వేశాను. వ్యాను లారీకి జానెడు దూరంలో ఆగింది. అద్దం మాత్రం క్యాబిన్ వెనకున్న చెక్క ఫ్రేముకు కొట్టుకుని నిలువునా చీలింది. "ముందువాడు సరిగా నడపకపోతే వెనకవాడు ఏం చేస్తాడు చెప్పు?" అని అక్క దగ్గర లబలబలాడాను. అక్క తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "ఇంకోటి కోస్తావు కదా" అంది, అంతే.

కోశాను. ఆ కొలతకు సరిపోయే పలక మా కొట్లో అదే ఆఖరిది. మళ్లీ సరుకు రావాలంటే నెల పడుతుంది. ఇది కూడా పగిలితే అక్క కొత్త కొట్టు మధ్యలో నిలబడి పాత చేతి అద్దమే అందరికీ చూపించాలి. నాకు ఆ ముందు రాత్రి నిద్ర పట్టలేదంటే నమ్మండి.

"ఈసారి నేనూ వస్తున్నా" అంది మా ఆవిడ, చీపురు మూల పెట్టి.

"ఎందుకు? అద్దానికి తోడా?"

"మీకు" అంది.

రెండున్నరకు బయలుదేరాం. ఆకాశం మబ్బు పట్టి ఉంది. అద్దాన్ని క్యాబిన్ వెనక, పైకప్పు లేని తొట్టిలో, చెక్క ఫ్రేముకు ఆనించి నిలబెట్టి, మొహం వెనక రోడ్డు వైపు ఉండేలా కట్టాను. పైన కంబళి, రెండు క్లిప్పులు. ట్రయల్ గదికి అక్క కోసం మా ఆవిడ కుట్టిన కర్టెన్ మడతపెట్టి ఆమె ఒళ్లో ఉంది. అద్దం అడ్డం కాబట్టి వెనక కిటికీలోంచి నాకేమీ కనపడదు. పక్క అద్దాలే దిక్కు.

వీధి మలుపు తిరగలేదు, ఒక తెల్ల కారు తోక పట్టుకుంది. పీఁ పీఁ పీఁ. నేను నెమ్మదిగా పోతుంటే వాడికి పెళ్లివారు కదిలిపోతున్నంత తొందర.

"పోరా నాయనా, నా నెత్తి మీద నుంచి పో!" అన్నాను.

"మీరు అరిస్తే వాడికి వినపడుతుందా?" అంది మా ఆవిడ.

"వినపడకపోయినా నా కడుపు చల్లబడుతుంది."

పక్కకు తీశాను. తెల్ల కారు పోతూ పోతూ నావైపు ఒక చూపు చూసింది. కారు కాదు, అందులోని మనిషి. వాడి వెనక ఇంకొకడు తగులుకున్నాడు. వాడి వెనక మరొకడు. స్పీడు బ్రేకరు దగ్గర నేను ఒక్కొక్క చక్రాన్నీ బుజ్జగించి దాటిస్తుంటే వెనక నుంచి నాలుగు హారన్లు ఒకేసారి మోగాయి. అప్పుడే వెనక టప్పుమని ఏదో చిన్న చప్పుడయింది. కాలు బ్రేకు మీదికి పోయింది.

"పగిలిందా?"

"పగిలితే ఆ చప్పుడు వేరండీ. మీకు నేను చెప్పాలా?" అంది. నిజమే. పోనిచ్చాను.

ఆ తర్వాత జరిగింది వింత. హారన్లు ఆగిపోయాయి. దగ్గరికి దూసుకొచ్చిన ఒక కారు పట్టపగలు లైట్లు వెలిగించి ఆర్పింది. మరుక్షణమే ఉలిక్కిపడ్డట్టు వెనక్కి తగ్గింది. ఇంకో కారులో ఒకావిడ నోరు పెద్దగా తెరిచి ఏదో తిడుతూ వచ్చి, టక్కున నోరు మూసుకుని, జుట్టు సరిచేసుకుని, బుద్ధిగా దూరం జరిగింది. ఒక మోటారుసైకిలు కుర్రాడైతే మా వెనకే వినయంగా వస్తూ ఒక చేత్తో మీసం సవరించుకుంటున్నాడు.

"చూశావా!" అన్నాను మా ఆవిడతో. నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. "నెమ్మదిగా, నిబ్బరంగా నడిపేవాణ్ణి చూస్తే లోకానికి దానంతట అదే మర్యాద వస్తుంది. ఇన్నాళ్లకు నన్ను గుర్తించారు."

"ఊఁ" అంది.

సిగ్నలు దగ్గర ఆగాం. నా గొప్ప మీద ఏ మాత్రం నమ్మకం లేని మా ఆవిడ దిగి వెనక్కి వెళ్లింది. నవ్వు ఆపుకుంటూ తిరిగొచ్చింది.

"కంబళి లేదండీ."

"లేకపోవడమేంటి?"

"ఎక్కడో పడిపోయింది. మీ మర్యాదంతా అద్దానిది. వెనక వాళ్లకు వాళ్ల మొహాలే కనిపిస్తున్నాయి. ఆ అబ్బాయి ఇంకా మీసం దువ్వుకుంటూనే ఉన్నాడు."

టప్పుమన్నది క్లిప్పు అన్నమాట. ఒక్క క్షణం నా ఛాతీ మళ్లీ మామూలు కొలతకు వచ్చింది. ఆ వెంటనే పట్టలేనంత సంతోషం కలిగింది. రోగం నాకు తెలుసు, మందు ఇన్నేళ్లుగా నా కొట్లోనే ఉంది! కోపంతో ఊగిపోయే మనిషికి తన మొహం తనకు చూపిస్తే చాలు, సిగ్గుతో చస్తాడు.

"ఈ కర్టెన్ కప్పేద్దాం, ఉండండి" అంది మా ఆవిడ.

"కప్పితే ఊరుకోను. ఇరవై ఏళ్ల కసి. ఇవాళ తీరనీ."

"వదిన అద్దంతో ఆటలా?"

"ఆటేంటి? అద్దానికి ఇంతకన్నా కాపలా ఎక్కడుంది? ఒక్కడైనా దగ్గరికి వస్తున్నాడా?"

పచ్చ లైటు పడింది. కదిలాం. అప్పుడొచ్చాడు ఎర్ర కారువాడు. అద్దానికీ లొంగలేదు, సిగ్గుకూ లొంగలేదు. పక్క అద్దంలో వాడి మొహం స్పష్టంగా కనిపించింది. కనుబొమలు ముడిపడి, పెదాలు బిగిసి, స్టీరింగు మీదికి వంగి, నా బండిని కళ్లతోనే తోస్తున్నాడు. హారను మీద పెట్టిన చెయ్యి తీయడం లేదు. నేను కావాలనే ఇంకాస్త నెమ్మది చేశాను. "చూసుకోరా, బాగా చూసుకో నీ అందం" అనుకుంటూ పకపకా నవ్వాను.

సరిగ్గా అప్పుడే మబ్బు వీడింది. వెనక వైపు నుంచి ఎండ ఫెళ్లున కాసి, నిలువెత్తు అద్దం మీద పడి, అంత దగ్గరగా ఉన్న వాడి కళ్లలోకి తిరిగి కొట్టింది. ఎర్ర కారు కీచుమని అరిచి అడ్డంగా తిరిగి ఆగింది. దాని వెనకున్న స్కూటరు పెద్దాయన ఎటు పోవాలో తెలియక కాలిబాట మీదికి ఎక్కి, గోడకు మూరెడు దూరంలో నిలబడ్డాడు. నా నవ్వు నోట్లోనే ఎండిపోయింది.

వ్యాను ఆపి పరుగెత్తాను. "ఏం కాలేదు, ఏం కాలేదు" అంటున్నాడు పెద్దాయన. నోరు అలా అంటోంది కానీ స్కూటరు హ్యాండిల్ మాత్రం వదలడం లేదు. మా ఆవిడ ఆయన్ను అరుగు మీద కూర్చోబెట్టి నీళ్లిచ్చింది.

ఎర్ర కారువాడు కళ్లు నులుముకుంటూ నా మీదికి వచ్చాడు. "ఏంటయ్యా? కళ్లు పోగొడదామనుకున్నావా?"

"అంత అంటుకుని వస్తే పోవా మరి? దూరంగా రావచ్చుగా!" అన్నాను. గొంతులో మునుపటి పస లేదు.

"ముందువాడు సరిగా నడపకపోతే వెనకవాడు ఏం చేస్తాడు చెప్పు?"

  ఆ మాట ఎక్కడో విన్నాను. ఎక్కడో ఏమిటి, నా నోటితోనే విన్నాను. మా ఆవిడ నావైపు చూసింది. కనీసం "ఊఁ" అని కూడా అనలేదు. తేలు కుట్టిన దొంగలా తల దించుకున్నాను.

"తప్పు నాదే. కప్పకుండా తేవడం తప్పు" అన్నాను. వాడు పోట్లాటకు సిద్ధపడి వచ్చినవాడు, ఇప్పుడేం చెయ్యాలో తోచక పెద్దాయన దగ్గరికి వెళ్లి "బాగానే ఉన్నారా?" అని అడిగి వెళ్లిపోయాడు. అందరూ కదిలాక అద్దానికి కర్టెన్ కప్పాం. మళ్లీ బయలుదేరగానే హారన్లు మళ్లీ మొదలయ్యాయి. ఈసారి నేను ఎవరినీ ఏమీ అనలేదు. చోటు దొరికినప్పుడల్లా పక్కకు తీసి దారిచ్చాను.

నాలుగింటికి పది నిమిషాల ముందు అక్క కొట్టు చేరాం. అద్దం చెక్కుచెదరలేదు. గోడకు బిగించి, నాలుగు మూలలా తట్టి చూసి, తడిబట్టతో తుడిచాను. అక్క మిషను దగ్గర నుంచి లేచి వచ్చి అద్దం ముందు నిలబడింది. తలనుంచి కాలిదాకా చూసుకుంది. కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"ఇంత పొట్టిదాన్నట్రా నేను?" అంది.

మా ఆవిడ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. అక్క పక్కన అద్దంలో నేనూ నిలువునా కనిపిస్తున్నాను.

"పాపం ఆ లారీవాడు బ్రేకు వేయకపోతే పోయిన వారమే చూసుకునేదాన్ని" అంది అక్క.

"అక్కా, లారీవాడి తప్పేం లేదు" అన్నాను.  "వాడు నెమ్మదిగా పోతున్నాడని నాకు ఒళ్లు మండింది. అద్దం ఎక్కించుకుని కూడా వాడి వెనకే అంటుకుని, హారను కొడుతూ పోయాను. నీ అద్దం నేనే పగలగొట్టాను."

అక్క నన్ను అద్దంలోంచే చూసింది. తర్వాత చీర అంచు జానెడు ఎత్తి మడమ చూపించింది. అక్కడ పాత మచ్చ ఉంది. చిన్నప్పుడు సైకిలు నేర్చుకునే రోజుల్లో ఆమె సైకిలు వెనకే అంటుకుని తొక్కి, గుద్ది, నేను చేసిన గాయం అది.

"అప్పుడు కూడా నాన్నతో ఏమన్నావు? అక్క నెమ్మదిగా తొక్కిందన్నావు" అంది. "నాకు తెలియదుట్రా నీ సంగతి?"

"తెలిసీ ఎందుకు ఊరుకున్నావు?"

"నువ్వు చెప్తావేమోనని" అంది.

గురివింద గింజకు తన కింది నలుపు తెలియదంటారు. నా నలుపు ఇంట్లో అందరికీ తెలుసు, నాకు తప్ప. మా ఆవిడ కిటికీలోంచి వీధిలోకి చూస్తూ నిలబడింది. నవ్వుతోందని వీపు చూస్తేనే తెలుస్తోంది.

జనం రావడం మొదలైంది. ఒక్కొక్కరూ అద్దం ముందు నిలబడి వెనక్కీ ముందుకీ తిరిగి చూసుకుంటుంటే అక్క మొహం వెలిగిపోయింది. మేం బయలుదేరేటప్పుడు ఆమె మిషను సొరుగులోంచి పాత చేతి అద్దం తీసి నా చేతిలో పెట్టింది.

"నాకింక దీంతో పని లేదురా. నీకుంది."

వ్యానులో స్టీరింగు వెనక, మీటర్ల పక్కన దాన్ని ఆనించాను. వెనక అద్దం లేదు, కంబళి లేదు, ఖాళీ బండి. కాలు తేలిగ్గా ఉంది. రెండు వీధులు దాటామో లేదో, ముందు ఒక చిన్న కారు గుంటగుంటకూ ఆగి ఆలోచిస్తూ పోతోంది. ఇంకొంచెం దగ్గరికి, ఇంకొంచెం దగ్గరికి పోయాను. హారను మీదికి చెయ్యి వెళ్లింది. చేతి అద్దంలో కనుబొమలు ముడిపడి, పెదాలు బిగిసిన మొహం ఒకటి కనిపించింది. ఎర్ర కారువాడేమో అనుకున్నాను ఒక్క క్షణం.

కాలు తీశాను. ముందు కారుకూ నాకూ మధ్య బారెడు చోటు మిగిలింది. పక్క నుంచి ఒక మోటారుసైకిలువాడు దూసుకొచ్చి ఆ చోట్లో దూరాడు.

"చూశావా వాణ్ణి!" అన్నాను.

"ఊఁ" అంది మా ఆవిడ.

నేను మళ్లీ కాలు తీసి, ఇంకో బారెడు చోటు వదిలాను.