అతుకుల్లేని చీర

ఇట్లా దగ్గరికి జరగండి పిల్లలూ, ఆ గడప మీద కూర్చుంటే సగం మాట గాలికి పోతుంది. ధర్మవరంలో ఈశ్వరప్ప మగ్గాల ఇంటికి కొత్త కోడలుగా వచ్చిన యల్లక్క, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి భారతం విన్న సంగతి ఇది. జర్మనీతో పెద్ద యుద్ధం మొదలైన రెండో ఏడు.

యల్లక్కది నల్లమాడ అవతల చిన్న పల్లె. నాయన ముతక నూలు చీరలు నేసేవాడు. ఇంట్లో మగపిల్లలు లేరు కాబట్టి పన్నెండేళ్ళకే ఆమె కాళ్ళు కిందికి వదిలి నేసే మగ్గం గుంతలోకి దిగింది. భారతమనే పేరు ఆ పల్లెలో విన్నారు గానీ చదివి చెప్పే దిక్కు లేదు. ఈశ్వరప్ప కొడుకు ఆదినారాయణను చేసుకుని వచ్చేసరికి ఇక్కడంతా పట్టు. పట్టు మగ్గం మీద ఆడమనిషి కూర్చోకూడదు, అది ఆ ఇంటి కట్టడి. ఆడవాళ్ళు రాట్నం మీద పోగును కండెలకు చుట్టాలి, నిలువు పోగుల పడుగు ఒకటి అయిపోతే కొత్త పడుగును దానికి పోగు పోగూ అతకాలి. అంతవరకే.

ఆ ఆషాఢంలో ఆదినారాయణకు కుడి బొటనవేలికి గోరుచుట్టు లేచి, చెయ్యి మోచేతి దాకా వాచింది. హిందూపురం పెళ్ళివారి చీర ముప్పాతిక నేసి ఆగిపోయింది. శ్రావణం మొదటి శుక్రవారానికి అందకపోతే ఆ పెళ్ళివారింటి చీరలన్నీ ఇకమీదట పెనుకొండ మగ్గాలకు పోతాయి. తక్కిన ఇద్దరు నేతగాళ్ళకూ తల ఎత్తే తీరిక లేదు.

"నేను కూర్చుంటా మామా," అంది యల్లక్క.

"పట్టంటే మీ నాయన నేసే ముతక గుడ్డ అనుకుంటివా? పోయి కండెలు సుట్టు."

ఏటా ఆషాఢంలో ఆ ఇంట్లో భారతం చదివించేవారు. హిందూపురం నుంచి దాసప్ప రైల్లో వచ్చి, మగ్గాల మధ్య పీట వేసుకుని, చదివి అర్థం చెప్పేవాడు. చదువు సాగినంతసేపూ మగ్గాలు ఆడుతూనే ఉండాలి. ఆ ఏడు ఆదినారాయణ మగ్గం ఒక్కటే మూగగా ఉంది. దాని పక్కనే రాట్నం వేసుకుని యల్లక్క విన్నది.

మొదటి రోజే ఆమెకు మండింది. గుడ్డిరాజును చేసుకున్న ఇల్లాలు తన కళ్ళకూ గంతలు కట్టుకుందని దాసప్ప గొప్పగా చెబుతుంటే, పక్కనున్న అత్త తిప్పమ్మ చెవి దగ్గరికి వంగి యల్లక్క గొణిగింది.

"ఇంట్లో ఒగరికన్నా కండ్లుండొద్దా అత్తా? పిల్లోళ్ళు ఏం జేస్తాండారో సూసేదెవురు?"

"ఉష్! అది పతిభక్తే."

"నూరుమంది నేతి కుండల్లో పెరిగినారంట. అంత నెయ్యి కాంచిందెవురో, ఆయమ్మ పేరు సెప్పమను."

మూడో రోజు, తల్లి వెనక్కి తిరిగి చూడకుండా పంచుకోమన్న మాటకు కట్టుబడి ఐదుగురూ ఒకతెనే పెళ్ళాడిన ఘట్టం. "పొరపాటున అంటి నాయనా అంటే పోయేదానికి!" అని పళ్ళు నూరింది. ఐదో రోజు జూదం. పెద్దవాడు రాజ్యం పోగొట్టి, తమ్ముళ్ళను పోగొట్టి, చివరికి పెళ్ళాన్ని ఒడ్డాడు.

"ఈయప్పనా దర్మం తెలిసినోడంటాండారు? మా పల్లెలో మేకను పందెం పెట్టినోనికే పిల్లనియ్యరు."

తనను తాను ఓడినవాడు నన్నెట్లా ఒడ్డుతాడని అందరి ముందూ ఆ ఇల్లాలు అడిగిన ప్రశ్నకు సభలో పెద్దలంతా నేల చూపులు చూశారని విన్నప్పుడు మాత్రం రాట్నం ఆగింది. ఇంత పెద్ద కథలో బుర్ర ఉన్న మనిషి ఈమె ఒక్కతే అనుకుంది.

తరువాత సభలో ఆమె చీర లాగారు. లాగేకొద్దీ వచ్చింది. ఏటా ఆ ఒక్క ఘట్టానికే మగ్గాలన్నీ ఆగేవి, అప్పుడూ ఆగాయి. దేవుడు ఇచ్చిన ఆ చీరను నేసింది తమ మూలపురుషుడేనని ఆ ఇంటివాళ్ళ నమ్మకం. ఈశ్వరప్ప లేచి మగ్గం మగ్గానికీ కుంకుమ పెట్టి, కర్పూరం వెలిగించాడు.

"మా తాతల తాత నేసిన చీర! అతుకు లేదు, ముడి లేదు!" అని కళ్ళు తుడుచుకున్నాడు.

యల్లక్క ఫక్కున నవ్వింది.

"ఎందుకే నవ్వుతాండావు?"

"ఒగ పడుగు మీద మూడు సీరలు దిగితే గొప్ప మామా. ఆయప్ప కుప్పలు కుప్పలు నేసినాడంటే ఎన్ని పడుగులు అతికిండాల? అతికేది ఆడోళ్ళు గదా. మీ తాత పేరు నిలిచె, అతికినోళ్ళ పేరు యాడ ఉండాది? అయినా అది మొదలూ లేదు, కొంగూ లేదు. ఊరికే అడ్డపోగు నాడె ఇసురుకుంటా పోతే సాలు. అట్లాంటిది నేనూ నేస్తా."

"నేస్తావా? అయితే దిగు గుంతలోకి! దిగి నేసి సూపించు!" ఈశ్వరప్ప అరిచాడు.

యల్లక్క కండె కింద పెట్టి, కొంగు నడుముకు దోపి, ఆదినారాయణ మగ్గం గుంతలోకి దిగి కూర్చుంది.

"ఏయ్, లెయ్! కోపంలో అంటే..."

"ఇంతమందిలో అన్నావు మామా. మాట ఎనక్కి తీసుకునేటట్లయితే ఐదు దినాల నుంచి ఈ కత ఎందుకు సదివిస్తాండావు? ఆళ్ళు జూదంలో అన్న మాటకే కట్టుబడిరి. మగ్గం ముందర అన్న మాటకు నువ్వు కట్టుబడవా?"

దాసప్ప పుస్తకం ఒళ్ళో దించాడు. "మాట మాటే గదా ఈశ్వరప్పా."

మొదటి రోజు పదకొండు పోగులు తెగాయి. మామ దూరం నుంచి చూస్తూనే ఉన్నాడు. తెగిన ప్రతి పోగునూ ఆమె ముడివేసుకుంది. రెండో రోజు నాలుగు తెగాయి. ఆదినారాయణ ఎడమచేత్తో జరీ కండెలు అందించాడు. ఎనిమిదో రోజుకు కొంగు పూర్తయింది. ఈశ్వరప్ప చీరను వెలుతురుకు పట్టి, తిరగేసి, వేలితో రాసి చూశాడు. మడిచి చంకలో పెట్టుకుని, కొడుకును వెంటబెట్టుకుని హిందూపురం రైలెక్కాడు.

రెండో రోజు ఆదినారాయణ ఒక్కడే ముందుగా ఇంటికి వచ్చాడు.

"కొంగు సూసి మురిసిపోయినారు. నేసిందెవురని అడిగిరి. మా నాయనేమో మావాడే నేసినాడనె."

"కట్టుగట్టిన నీ సెయ్యి ఆళ్ళు సూస్తాండగానే అనెనా?"

"ఊఁ."

"నువ్వేమంటివి?"

"నాయన ముందర నేనేమంటా?"

"ఆ రాజుల కొలువులో నేల సూసే పెద్దోళ్ళ పక్కన నీకూ ఒగ పీట ఏసిండాల్సింది," అంది యల్లక్క. "సెయ్యి మానినా ఈ మగ్గం నాదే. పో, కండెలు సుట్టు."

అతను రాట్నం ముందు కూర్చున్నాడు. మామ ఊరి నుంచి వచ్చి ఎంత అరిచినా ఆమె లేవలేదు, ఆ ఏడూ లేవలేదు, పై ఏడూ లేవలేదు. చీరలు మాత్రం ఆదినారాయణ పేరు మీదే అమ్ముడుపోయాయి.

అందుకే చెబుతున్నాను. ఆ హిందూపురం చీర నేసింది యల్లక్క. మీరు గుర్తుపెట్టుకోండి, మీ పిల్లలకూ ఇట్లాగే చెప్పండి. ఆ రాజుల పేర్లు మరిచిపోయినా నష్టం లేదు, చెప్పడానికి ఊరికి పదిమంది ఉన్నారు. ఈమె పేరు చెప్పేవాళ్ళే లేరు.