ఆ మాట ఇంగ్లీషులో లేదు

"ఆయనే గెలవాలి. ఆయనకు నా కొడుకు గొంతుంది," అన్నారు మా అత్తగారు, తడి దుప్పటి రెండో కొస నా చేతికిస్తూ.

అమెరికా అధ్యక్ష ఎన్నికల మీద మా ఇంట్లో అంతకంటే లోతైన విశ్లేషణ జరగలేదు. అది నీళ్లు వదిలే రోజు. మా అమ్మాన్ నగరంలో వారానికోసారి కుళాయిలు పలుకుతాయి. ఆ రోజే డాబా మీద ట్యాంకులు నిండాలి, వారం బట్టలన్నీ ఉతకాలి, మెట్లు కడగాలి. మర్నాడు తెల్లవారుజామున అభ్యర్థులిద్దరూ ఎదురెదురుగా నిలబడి వాదించుకునే డిబేట్ ఉంది. మా చానల్లో దాన్ని అప్పటికప్పుడు అరబిక్‌లో వినిపిస్తారు. మగ అభ్యర్థి మాటలు నా భర్త మున్దిర్ చెబుతాడు, ఆడ అభ్యర్థి మాటలు నేను చెబుతాను. మేమిద్దరం దుబాసీలం. అత్తగారికి ఇంగ్లీషు రాదు, అమెరికా గొడవ పట్టదు. ప్రచారం మొదలైన దగ్గర్నుంచీ టీవీలో ఆ పొడుగాటి మనిషి నోట కొడుకు గొంతు వింటూ మురిసిపోతున్నారు. "ఆ ఆడమనిషి మాట మాత్రం కాస్త కటువమ్మా," అన్నారు, తీగ మీద క్లిప్పు పెడుతూ. ఆ గొంతు నాదని ఆవిడకు తెలుసు.

ఇంట్లో ఆ అభ్యర్థులకు పేర్లు పోయి చాలా కాలమైంది. మున్దిర్, నేను 'నీ మనిషి', 'నా మనిషి' అనుకుంటాం. ఏ రాష్ట్రంలో ఏ గొడవ నడుస్తోందో, ఏ సభలో ఎవరేం వాగారో వెతికి, కొత్త మాటలకు అరబిక్‌లో ఏమనాలో తేల్చి, ఇద్దరి కోసం సిద్ధం చేసేది నేనే. అతను గొంతు కాపాడుకోవాలని పెందలాడే పడుకుంటాడు. గొంతనేది ఆ ఇంట్లో ఒక్కటే ఉన్నట్టు అందరూ మెల్లగా నడుస్తారు. నేను గొంతుకు మంచిదని మరమియ ఆకు వేసి టీ కాచి ఫ్లాస్కులో పోస్తాను, మా అమ్మాయి జుమానాను పడుకోబెడతాను, అతని చొక్కా ఇస్త్రీ చేస్తాను. దుబాసీ టీవీలో కనపడడు కదా అంటే, "చొక్కా నలిగితే మాట కూడా నలుగుతుంది రుదైనా," అంటాడు. నా గొంతుకు అలాంటి సున్నితాలేవీ లేవని అందరూ ఎప్పుడో తేల్చేశారు.

అయినా ఆ స్టూడియో గాజు గదంటే నాకు ప్రాణం. ఇద్దరు పక్కపక్కన కూర్చుంటే మోచేతులు తగిలేంత గది అది. ఎండాకాలం ఉక్కపోస్తుంది, చలికాలం కాళ్లు కొంకర్లు పోతాయి. కానీ అక్కడ నేను మాట్లాడుతుంటే ఎవరూ మంచినీళ్లడగరు. సాక్సులెక్కడున్నాయని అడగరు. 'అది కాదులే' అని మధ్యలో చెయ్యి ఊపరు. మాటలు నావి కావు, ఒప్పుకుంటాను. కానీ మొదలుపెట్టిన వాక్యం చివరిదాకా వెళుతుంది. అమెరికాలో ఎవరు గెలిచినా మా బతుకులు మారవని బజారంతా అంటుంది, నేనూ అంటాను. నాకు ఆ ఎన్నికల వల్ల వచ్చింది ఆ కుర్చీ, ఆ మైకు. అవి నా దగ్గరుంటే చాలుననుకున్నాను.

మా వృత్తిలో ఒక అలవాటుంది. ఒకరు మాట్లాడుతుంటే పక్కవాళ్లు ఖాళీగా కూర్చోరు. అంకెలు, ఊళ్ల పేర్లు చెవిన పడగానే చీటీ మీద రాసి పక్కకు జరుపుతారు. మాట్లాడేవాడు ఒక కన్ను దాని మీద వేసి పలికేస్తాడు. మున్దిర్‌కు అంకెలు నిలవవు. లక్షలు కోట్లవుతాయి, కోట్లు లక్షలవుతాయి. అతని మనిషి అంకెలు మొదలుపెట్టగానే మున్దిర్ చెయ్యి చూడకుండానే నా వైపు చాస్తాడు, నేను చీటీ పెడతాను. పదేళ్లుగా ఇదే వరస. అతనికి అంకెల్లో తిరుగులేదని చానల్లో పేరు.

కాఫీ సంగతి కూడా చెప్పాలి. పెళ్లయిన కొత్తలో ఒక పండక్కి వాళ్లవాళ్లంతా కూడినప్పుడు నేను పై చదువుల గురించి ఏదో చెబుతున్నాను. మున్దిర్ కప్పు పైకెత్తి, "రుదైనా మాట పూర్తయ్యేలోపు కాఫీ చల్లారిపోతుంది," అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ తర్వాత అది వాళ్ల వంశానికి సామెత అయిపోయింది. మా నాన్న పోయిన నలభయ్యో రోజున, ఆస్పత్రిలో ఆయన చివరిసారి ఏమడిగాడో నేను చెబుతుంటే, నా మరిది అదే మాటన్నాడు. నలుగురూ నవ్వారు. నేను వంటింట్లోకి వెళ్లిపోయాను. ఆ రాత్రి ఇంటికొస్తూ మున్దిర్ ఎత్తెక్కే రోడ్డు మధ్యలో కారాపి నా చెయ్యి పట్టుకున్నాడు. "మా నాన్న మీద ఒట్టు, ఆ మాట ఇంకెప్పుడూ నా నోట రాదు. ఎవరి నోటా రానివ్వను," అన్నాడు. మాట నిలబెట్టుకున్నాడు కూడా. అత్తారింట్లో నాకు జరిగిన అవమానాలన్నిటికీ ఆ ఒక్క ఒట్టే మందు అనుకుని కాపురం చేశాను.

డిబేట్‌లో నా మనిషిని ముసలివాళ్ల సంరక్షణ గురించి అడిగారు. ఆవిడ కాగితం చూడకుండా మాట్లాడింది. ముసలివాళ్లకు అన్నం పెట్టేదెవరు, పిల్లల ముక్కులు తుడిచేదెవరు, జీతం లేని ఆ పని ఒక్కరోజు ఆగితే ఈ దేశంలో ఏ ఆఫీసు తెరుచుకుంటుంది అని అడిగింది. నేను ఒక్క మాటా వదలకుండా అరబిక్‌లో చెప్పుకుపోయాను. ఎన్నికల్లో ఆవిడ ఎలాంటిదో నాకనవసరం, ఆ రెండు నిమిషాలూ ఆవిడ నా ఇంటి గురించే మాట్లాడుతోంది. అప్పుడు అతని మనిషి అడ్డొచ్చాడు. నా హెడ్‌ఫోన్లో స్పష్టంగా వినపడింది: "ఓకే, ఓకే." అంతే, ఇంకో అక్షరం లేదు. నా పక్కన మున్దిర్ మైకు దగ్గరికి వంగి, తాపీగా, ఒక్కో మాటా విడదీసి అన్నాడు.

"ఈవిడ మాట పూర్తయ్యేలోపు కాఫీ చల్లారిపోతుంది."

నేను తల తిప్పి చూశాను. అతను చూడలేదు. నా చెవిలో నా మనిషి తర్వాతి వాక్యం సగం దాటిపోయింది. ఈ వృత్తిలోకి వచ్చాక నేను పోగొట్టుకున్న మొదటి సగం వాక్యం అది. మిగతా సగం పట్టుకుని ఎలాగో నడిపించాను.

కార్లో అడిగాను.

"నోరు జారింది," అన్నాడు. "వాడు విసుక్కున్నాడు కదా, ఆ విసుగు జనానికి తెలియాలి. దుబాసీ అంటే చిలకా?"

"ఒట్టేశావు మున్దిర్."

"నిన్నన్నానా? నీ మనిషిని అన్నాను."

సాయంత్రానికి ఆ మాట ఊరెక్కింది. మా వీధి చివర కాఫీ కొట్టువాడు పలక మీద రాసి పెట్టాడు. టాక్సీవాళ్లు అంటున్నారు, జుమానా స్కూల్లో పంతులమ్మ అందిట. అమెరికావాడు కాఫీ గురించి మనలాగే మాట్లాడాడని కొందరికి వాడి మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. అత్తగారైతే నా భుజం తట్టి, "చూశావా, అమెరికాలో కూడా ఆడవాళ్లింతేనట. నా కొడుకు ఎప్పుడో చెప్పాడు," అన్నారు. ఆ మాట అమెరికావాడిది కాదని, కొడుకు కల్పించిందేనని ఆవిడకు తెలియదు. ఊరంతా నన్ను చూసి నవ్వుతోందని ఊరికీ తెలియదు. నాకూ మున్దిర్‌కూ మాత్రమే తెలుసు. బాగా వినిపించాడని చానల్లో అతను మెప్పు పొందుతుంటే ఇంట్లో నేను అతనికి వడ్డిస్తున్నాను. అయినా ఇంటి గుట్టు బయటపెట్టడం ఎందుకని నోరు కుట్టేసుకున్నాను.

గుట్టు దానంతటదే బయటపడింది. బేరూత్‌లో ఒక ప్రొఫెసరు ఇంగ్లీషు, అరబిక్ పక్కపక్కన పెట్టి, ఆ మాట అభ్యర్థి అననే లేదని లోకానికి చూపించాడు. చానల్ క్షమాపణ చెప్పాల్సొచ్చింది. రెండు రోజుల తర్వాత మా విభాగం పెద్ద విజ్దాన్ గారు నన్ను పిలిచారు. జుమానా పుట్టాక నన్ను తిరిగి పనిలోకి తెచ్చిన మనిషి ఆవిడ.

"కూర్చో అమ్మా. ఎందుకు రాశావు?" అని అడిగారు.

ఏం రాశానో నాకర్థం కాలేదు.

"చీటీ. మున్దిర్ నిన్ననే వచ్చి అంతా చెప్పాడులే. నువ్వు సరదాకి రాసి పక్కన పెట్టావట, అతను అలవాటు కొద్దీ చూసి పలికేశాడట. నువ్వేది రాస్తే అది కళ్లు మూసుకుని చదివేస్తానన్నాడు. నీ మీద కోపగించుకోవద్దని బతిమాలాడు కూడా."

నిన్న. నిన్న సాయంత్రం అతను ఇంటికొచ్చి అన్నం కూరిన ద్రాక్షాకు పొట్లాలు రెండోసారి వడ్డించుకుని తిన్నాడు. పులుపు సరిగ్గా కుదిరిందన్నాడు. జుమానా లెక్కలు చూశాడు. నాకు దుప్పటి కప్పాడు.

"నేను రాయలేదండీ," అన్నాను.

విజ్దాన్ గారికి నమ్మాలనే ఉంది. కానీ మొగుడు పెళ్లాం మీద లేనిపోనిది చెబుతాడా అన్న ప్రశ్న ఆవిడ ముఖం మీద కనపడుతూనే ఉంది. చివరికి, ఇది మీ ఇద్దరి మధ్య సంగతి, నేను తలదూర్చలేను అన్నారు. చివరి డిబేట్‌లో నా మనిషికి తూలీన్ అనే కొత్తమ్మాయి గొంతిస్తుంది. నేను గదిలోనే ఉంటాను, మైకు లేకుండా. మున్దిర్‌కు అంకెలు రాసివ్వాలి. "నువ్వు లేకపోతే అతనికి అంకెలు కష్టం," అన్నారు ఆవిడ, ఆ సంగతి అప్పుడే గుర్తొచ్చినట్టు.

ఇంట్లో మున్దిర్ అబద్ధమాడలేదు. అదే నాకు ఎక్కువ నొప్పి పుట్టించింది.

"నా పేరు పోతే ఇల్లు గడవదు. నేను పర్మనెంటు, నువ్వు కాంట్రాక్టు మనిషివి. నీకేం పోతుంది చెప్పు?" అన్నాడు.

"ముందు నన్నడగొచ్చు కదా."

"అడిగితే ఒప్పుకునేదానివి. అందుకే అడగలేదు."

ఆ మాట నిజం. అడిగితే ఒప్పుకునేదాన్ని. ఏడ్చి, రెండు రోజులు మాట్లాడక, తర్వాత ఒప్పుకునేదాన్ని. అతని నింద నేనే మోసేదాన్ని. అతనికి ఆ మాత్రం ఆలస్యం కూడా అక్కర్లేకపోయింది. నా కుర్చీ, నా మైకు, నాకిచ్చిన ఒట్టు అన్నీ కలిపి ఒక అబద్ధానికి ఖర్చుపెట్టేసి, మిగిలిందానితో నన్ను కాపురం చేసుకోమంటున్నాడు. ఇంతకాలం నేను భర్త అనుకున్న మనిషి ఇతనేనా అని ఇల్లంతా తిరుగుతూ ఆలోచించాను, గిన్నెలు కడుగుతూ ఆలోచించాను. ఎంత ఆలోచించినా ఇతనే అని తేలింది. చివరి డిబేట్‌కు వెళ్లనని ముందు అనుకున్నాను. తర్వాత విజ్దాన్ గారన్న మాట ఒకటి మనసులో తిరగడం మొదలుపెట్టింది. నేనేది రాస్తే అది కళ్లు మూసుకుని చదివేస్తాడట.

వెళ్లాను.

గదిలో ముగ్గురం ఇరుక్కున్నాం. తూలీన్ వణుకుతోంది, నీళ్లు తాగమన్నాను. జరిగిన రచ్చ వల్ల విజ్దాన్ గారు స్వయంగా వచ్చి గాజుకు అవతల హెడ్‌ఫోన్లు పెట్టుకుని నిలబడ్డారు. మొదట్లో అన్నీ రాసిచ్చాను. ఉద్యోగాల లెక్క, అప్పుల లెక్క, ఊరి పేరు. మున్దిర్ చెయ్యి చాచాడు, చీటీ అందుకున్నాడు, తడబడకుండా పలికాడు. ఒకసారి నా వైపు చూసి చిన్నగా నవ్వాడు కూడా. అంతా సర్దుకుందనుకున్నాడు పాపం.

అతని మనిషి పన్నుల గురించి అందుకున్నప్పుడు నేను ఇంకో చీటీ తీసుకున్నాను. తొందరపడకుండా, గుండ్రంగా రాశాను: "ఆ మాట నా భార్య రాయలేదు. అది నేనే అన్నాను." మడవకుండా అతని ముందు పెట్టాను.

అతని కళ్లు చీటీ మీద కుడి నుంచి ఎడమకు నడిచాయి. రెండో వాక్యం దాకా వెళ్లాయి. మెడ మీద నరం కదిలింది. గొంతు మాత్రం తొణకలేదు. పన్నుల మాట పన్నుల మాటగానే సాగిపోయింది. వేలితో చీటీని పక్కకు తోసేశాడు.

నేను దాన్ని తీసుకుని, హెడ్‌ఫోన్లు బల్ల మీద పెట్టి, బయటికొచ్చి విజ్దాన్ గారి చేతికిచ్చాను.

"నేనేది రాస్తే అది చదివేస్తాడన్నారు కదండీ. ఇది చదవలేదు."

ఆవిడ చీటీ చూశారు. గాజు గదిలోకి చూశారు. మళ్లీ చీటీ చూశారు. లోపల అతని మనిషి కొత్త లెక్కలేవో మొదలుపెట్టినట్టున్నాడు. మున్దిర్ చెయ్యి నా కుర్చీ వైపు చాచి, బల్ల తడుముతున్నాడు.

"రేపు అన్నీ మాట్లాడదాం రుదైనా, మాటిస్తున్నాను," అన్నారు విజ్దాన్ గారు కంగారుగా. "ముందు లోపలికెళ్లమ్మా. అంకెలొస్తున్నాయి."

"ఈసారి అతన్నే వినమనండి," అన్నాను.