తేదీ లేని కాగితం

బడి బోర్డులో ఉన్నవాళ్లు పట్టణ అధ్యక్ష పదవికి పోటీ చేయాలంటే ముందు రాజీనామా చేయాలి. నోరు నొప్పెట్టేలా వాదించి ఆ రూలు పెట్టించింది బోర్డు సభ్యుడైన దర్జీయే. అందుకే ఆ వెర్రిబాగులవాడు తేదీ వేసి మరీ రాజీనామా ఇచ్చాకే నామినేషన్ వేశాడు. పోటీకి దిగిన బోర్డు ఛైర్మన్ కూడా కాగితమైతే ఇచ్చాడు గానీ, తేదీ వేయలేదు.

ఇద్దరూ చిత్తుగా ఓడిపోయారు.

మర్నాడు దర్జీ బోర్డు ఆఫీసుకెళ్లేసరికి ఛైర్మన్ తన కుర్చీలో కాలు మీద కాలేసుకుని, తేదీ లేని తన రాజీనామాను ముక్కలు చేస్తున్నాడు.

దర్జీకి ఒళ్లు మండింది. "మరి నాదో?"

"మీది ఆమోదించేశారు బాబాయ్," అంది టైపిస్టు తలెత్తకుండా.

"ఎవరు?"

ఆమె కాగితం చూపించింది. కింద ఛైర్మన్ సంతకం. ఆయన నామినేషన్ వేసిన మర్నాటి తేదీ.

"ఆ రోజుకి మీరీ కుర్చీలో ఉండకూడదు కదండీ!" అన్నాడు దర్జీ.

"ఉన్నానుగా," అన్నాడు ఛైర్మన్ తాపీగా. "అన్నట్టు, నీ కుర్చీ మెత్త గలీబు చిరిగిందయ్యా. సాయంత్రానికల్లా కొత్తది కుట్టి పంపించు. రేపట్నుంచి మా అల్లుడు కూర్చుంటాడు."