ఊబిలో చుక్కబర్రె

చెంచురామయ్య తన బర్రెను పొగడడం మొదలుపెట్టాడంటే వినేవాళ్లు ముందుగా తువ్వాలు పరుచుకుని కూర్చోవాలి. నిలబడి వింటే కాళ్లు పీకుతాయి. చుక్కబర్రె పాలల్లో ఈగ పడితే మునగదట. తాపీగా నడుచుకుంటూ గిన్నె అవతలి అంచుకు పోయి కాళ్లు తుడుచుకుంటుందట. దొరవారిసత్రం టీకొట్లో ఆయన ఈ మాట ఎన్నిసార్లు చెప్పాడో, పక్కింటి పెంచలకృష్ణ అన్నిసార్లూ సాక్ష్యం పలికాడు. "నేనూ చూసినాను మామా, తుడుచుకున్నాక ఇంకొంచెం మీగడ అడిగింది" అనేవాడు.

అంతటి మాటకారికి నిన్నటి నుంచి నోట మాట లేదు.

ఎండాకాలం పులికాట్ సరస్సు నీళ్లు వెనక్కి పోతే ఆ నేల మీద గడ్డి మొలుస్తుంది. చుట్టుపక్కల పల్లెల గొడ్లన్నిటికీ అదే మేత. మొన్న పడ్డ వానకు పైన పెచ్చు ఎండినట్టే కనిపిస్తున్నా అడుగున ఊబి తయారైంది. చుక్కబర్రె గడ్డి మీద ఆశతో లోపలికి పోయి పొట్టదాకా దిగబడింది. పడవ వేద్దామంటే నీళ్లు లేవు, నడుద్దామంటే నేల లేదు. జేసీబీ తెప్పిస్తే దాని ముందు చక్రాలు గట్టు దిగీ దిగకముందే కూరుకుపోయాయి. దాన్ని బయటికి లాగడానికి ఇంకో జేసీబీ వచ్చింది. తాటిమట్టలు పరుచుకుంటూ పోయిన పెంచలకృష్ణను నడుముకు కట్టిన మోకుతో వెనక్కి గుంజితే మనిషి వచ్చాడు గాని లుంగీ రాలేదు. సగం దారిలో మట్టకు తగులుకుని అది జెండాలాగా ఎగురుతూనే ఉంది.

పశువుల డాక్టరు బైనాక్యులర్ పెట్టి చాలాసేపు చూశాడు. "ముందుకాలు విరిగింది పెద్దాయనా. బయటికి లాగినా నిలబడదు. సూది వేద్దామంటే నేను అక్కడిదాకా పోలేను" అన్నాడు. అప్పటికే గద్దలు బర్రె వీపు మీద వాలుతున్నాయి. ఒక గద్ద కంటి దగ్గర పొడవబోతే బర్రె తల విదిలించింది. విదిలించిన కొద్దీ ఇంకాస్త దిగింది.

చెంచురామయ్య గూడూరులో ఉన్న మేనల్లుడికి ఫోను కలిపాడు.

"నీ తుపాకి తీసుకుని రా అల్లుడా."

"పందులు పడినాయా మామా, చేలో?"

"కాదు" అన్నాడు చెంచురామయ్య. ఫోను భార్య పిచ్చమ్మ చేతిలో పెట్టాడు.

ఆ మేనల్లుడు విజయభాస్కర్ రైఫిల్ క్లబ్బులో మెడల్స్ తెచ్చుకున్నవాడు. డాక్టరు రాసిచ్చిన కాగితం పోలీసులకూ ఫారెస్టువాళ్లకూ చూపించి, సరే అనిపించుకుని, తెల్లారేసరికి గట్టు మీదికి వచ్చాడు. కారులోంచి రైఫిలు ఒక్కటే దిగుతుందనుకుంటే దాని వెనక దుర్బిణి, దూరం కొలిచేది, గాలి కొలిచేది, తూటా వేగం కొలిచే పెట్టె, ఫోనుకు చిన్న స్టాండు కూడా దిగాయి.

"తుపాకితో పాటు దాని అత్తారింటోళ్లందరూ వచ్చినట్టుండారే" అన్నాడు పెంచలకృష్ణ.

"ఆరు వందల గజాలు దాటి ఉండాదన్నా. ఊరికే కన్ను మూసి కొడితే తగిలే దూరం కాదు" అన్నాడు భాస్కర్. ఫోనులో యాప్ తెరిచి మామకు చూపించాడు. తూటా బరువెంత, గొట్టం నోట్లోంచి బయటపడేటప్పుడు దాని వేగమెంత, ఎండ ఎంత, గాలిలో తేమ ఎంత అని అది వరసగా అడుగుతోంది. అన్నీ చెప్తే గురి ఎంత పైకి ఎత్తాలో, ఎంత పక్కకు జరపాలో అదే చెబుతుంది.

చెంచురామయ్యకు నిన్నటి నుంచి మొదటిసారి ఎకసెక్కం నోటికొచ్చింది. "పెళ్లిచూపులకు వచ్చినోళ్లు కూడా ఇన్ని అడగర్రా."

"వేగం తప్పు చెప్తే అన్నీ తప్పుతాయి మామా. ఒక్కో డబ్బా తూటాలు ఒక్కో తీరు. ఇవి కొత్తవి. అందుకే ముందు కొలవాల."

ముక్కాలి పీట లాంటి స్టాండు మీద పెట్టెను నిలబెట్టాడు. దాని నెత్తిన ఒకదాని ముందు ఒకటి రెండు గాజు కళ్లున్నాయి. తూటా వాటి మీదుగా పోతుంటే మొదటి కన్ను చూసిన క్షణానికీ రెండో కన్ను చూసిన క్షణానికీ మధ్య ఎడం లెక్కగట్టి వేగం చెబుతుంది. ఇదంతా మామకు వివరించి, కొలతకు కొట్టే తూటాలు ఆగడానికి ఇసకగుట్ట ఎటుందో చూసుకోవడానికి భాస్కర్ అటు నడిచాడు.

ఆ ఇంట్లోకి కొత్తగా ఏ యంత్రం వచ్చినా పిచ్చమ్మ చేతి బొట్టు లేనిదే కదలదు. బోరు మోటారుకు పెట్టింది, మిక్సీకి పెట్టింది, పంచాయతీ వాళ్ల దోమల ఫాగింగ్ మిషనును వీధిలో నిలబెట్టి మరీ పెట్టింది. ఇప్పుడు పెట్టబోయేది మంచి పనికి కాదని ఆమెకు తెలుసు. అయినా, దాని ప్రాణం ఒక్క దెబ్బతో సులువుగా పోవాలి తల్లీ అని లోపల అనుకుంటూ రైఫిలు గొట్టానికి బొట్టు పెట్టింది. పెట్టె దగ్గరికి వచ్చేసరికి రెండు కళ్లు కనిపించాయి. కళ్లున్నదానికి కళ్ల దగ్గర పెట్టాలి గదా. మొదటిదానికి చిటికెడు అంటించింది. రెండోదానికి వచ్చేసరికి వేళ్ల మీద మిగిలిన తడి పసుపూ కుంకుమా అంతా మెత్తింది. చెంచురామయ్య అది చూశాడు. చూసి, చేతులు జోడించాడు.

భాస్కర్ తిరిగొచ్చి పడుకుని రెండు తూటాలు ఇసకలోకి కొట్టాడు. పెట్టె చూపించిన అంకె చూసి నొసలు ముడిచాడు.

"ఇంత తక్కువొస్తాదా? ఈ డబ్బా తూటాలు నీరసంగా ఉండాయే."

"మనూరి నీళ్లు తాగినాయేమో" అన్నాడు పెంచలకృష్ణ.

వచ్చిన అంకెనే యాప్‌కు చెప్పాడు. తూటా నెమ్మది కాబట్టి గురి ఇంకా పైకి ఎత్తమంది యాప్. భాస్కర్ రైఫిలును ఊబి వైపు తిప్పాడు. అవతల మైళ్ల దూరం మనిషి లేడు. చెంచురామయ్య భార్య చెయ్యి పట్టుకున్నాడు. పెళ్లయ్యాక నలుగురిలో పట్టుకోవడం అదే మొదలు.

తుపాకి పేలింది. బర్రెకు చాలా అవతల బురద చిమ్మింది. గద్దలు లేచిపోయాయి. చుక్కబర్రె ఉలిక్కిపడి లేవబోయింది. లేవలేక అరిచింది. ఆ అరుపుకు గట్టు మీద అందరూ తలలు వంచుకున్నారు.

"పైనించి పోయింది" అన్నాడు భాస్కర్, నమ్మలేనట్టు. లేచి పోయి పెట్టె దగ్గర వంగాడు. కాసేపు వంగినవాడు వంగినట్టే ఉన్నాడు. "అత్తా... ఇదేంది?"

"బొట్టు నాయనా."

"కంట్లో పెడితే ఎట్టా అత్తా! రెండో కన్ను తూటాను ఆలస్యంగా చూసింది. తూటా మంచిదే. మనమే నెమ్మదిదనుకున్నాం."

పిచ్చమ్మ ముఖం పాలిపోయింది. కొంగుతో ఆ గాజును తుడవబోతే భాస్కర్ ఆపి, జేబులోంచి మెత్తటి గుడ్డ తీసి తనే తుడిచాడు.  తిట్టి ఉంటే ఆమెకు కాస్త తేలికగా ఉండేదేమో.

"చూస్తా ఉండి నేనూ చెప్పలేదు. దండం కూడా పెట్టినా" అన్నాడు చెంచురామయ్య.

మళ్లీ కొలవక తప్పలేదు. ఈసారి అంకె సరిగ్గా వచ్చింది. కాని డబ్బాలోంచి గుప్పెడే తెచ్చాడు, ఆ సరైన అంకె కోసం కొట్టినవి పోగా ఒక్కటే తూటా మిగిలింది. మిగతావి గూడూరులో, క్లబ్బు బీరువాలో ఉన్నాయి. దాన్ని తెరిచేది సాయంత్రమే, తెచ్చేసరికి చీకటి పడుతుంది. ఇంతలో పొద్దెక్కింది, సముద్రం మీంచి గాలి లేచింది. సగం దారిలో లుంగీ ఒకవైపుకు కొట్టుకుంటుంటే, గట్టు మీద భాస్కర్ చేతిలోని గాలిమీటరు ఇంకోవైపు చూపిస్తోంది. బర్రె దగ్గర ఎట్లా ఉందో చెప్పేవాళ్లు లేరు. బురద మీంచి ఎండ ఆవిరి లేచి, దుర్బిణిలో బర్రె తల నీళ్లలో నీడలాగా అల్లాడుతోంది.

భాస్కర్ పడుకున్నాడు. యాప్‌లో గాలి మార్చాడు. గురి మారింది. మళ్లీ మార్చాడు. మళ్లీ మారింది. వేలు ట్రిగ్గరు దాకా పోయి వెనక్కి వచ్చింది. చివరికి రైఫిలు పక్కన పెట్టి లేచి కూర్చున్నాడు.

"మామా, నిజం చెప్తా. ఈ గాలిలో తలకు తగలచ్చు. దవడకు తగలచ్చు. డొక్కలోకి పోవచ్చు."

"డొక్కలోకి పోతే?"

"చావదు. నొప్పి పెరుగుతాది. ఇంకోటి కొట్టడానికి నా దగ్గర లేదు."

"ఫోను ఏమంటాది?"

"గాలి ఎంతో చెప్పమంటాది."

చెంచురామయ్య ఊబి వైపు చూశాడు. జీవితమంతా ఏ ప్రశ్నకైనా ఆయన దగ్గర ఒక కథ ఉండేది. కాలవలో పడ్డ దూడను కొంగ వచ్చి లాగిందనో, గాలివానకు ఎగిరిపోయిన గడ్డివామి సూళ్లూరుపేటలో దిగిందనో చెప్పి బయటపడేవాడు. ఇప్పుడు ఎదురుగా అల్లుడు జవాబు కోసం చూస్తుంటే ఒక్క అబద్ధం కూడా దొరకలేదు.

"కొట్టమంటావా మామా? నువ్వు చెప్తే కొడతా."

"దాని వీపు మీద మళ్లీ రెండు గద్దలు వాలినాయి. మూడోది మనం కావద్దులే" అన్నాడు చెంచురామయ్య. "లోపల పెట్టెయ్యి."

భాస్కర్ ఆ తూటాను బయటికి తీసి జేబులో వేసుకున్నాడు. తెచ్చిన సరంజామా అంతా గట్టు మీద అట్లాగే ఉంది, సర్దాలని ఎవరికీ తోచలేదు. వచ్చిన జనం ఒక్కొక్కరే కదిలిపోయారు. పెంచలకృష్ణ బీడీ ముట్టించుకుని దూరంగా కూర్చున్నాడు.

పిచ్చమ్మ మాత్రం గట్టు అంచున కూర్చుంది. 

"పిలవనా?" అంది మొగుడితో, మెల్లిగా. "పాలు తీసే వేళ పిలిచినట్టు. ఒక్కసారి. మనం ఈడ్నే ఉండామని తెలుస్తాది."

"పిలిస్తే వస్తాదే అది" అన్నాడు చెంచురామయ్య. "నీ గొంతు వింటే లేవాలని చూస్తాది. ఇంకా దిగబడతాది. వద్దు."

ఆమె చెంగు నోట్లో కుక్కుకుంది. గాలి బర్రె వైపు నుంచి వీళ్ల మీదికే వీస్తోంది. దాని మూలుగు గట్టుదాకా వస్తోంది. వీళ్ల వాసన కూడా దానికి చేరదు. అట్లా ముగ్గురూ, ఆ మూలుగు ఇంత పొడుగు, ఇప్పుడింత పొట్టి అని మనసులోనే అనుకుంటూ కూర్చున్నారు. భాస్కర్ మధ్యమధ్య దుర్బిణి కళ్లకు పెట్టుకునేవాడు. 

పొద్దు వాలుతుండగా మూలుగు ఆగింది. భాస్కర్ దుర్బిణి దించి, మళ్లీ పెట్టుకోలేదు.

"మామా" అన్నాడు.

చెంచురామయ్య తల ఊపాడు. భార్య వైపు తిరిగి, "ఇంక పిలువు" అన్నాడు.

పిచ్చమ్మ లేచి నిలబడింది. నోట్లోంచి చెంగు తీసి, రెండు అరచేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, రోజూ పాలచెంబుతో పాకలోకి వస్తూ పిలిచినట్టే, "దా... చుక్కా... దా" అని ఊబంతా వినిపించేలా పిలిచింది.