చూశాను అన్న మాట

వంటింటి బల్ల మీద బ్లూబెర్రీలు పోసుకుని ఆకులూ పుల్లలూ ఏరుతున్నాను. అడవికి వెళ్లి కోసుకొచ్చింది మా అత్తయ్య హెల్వి, ఏరాల్సింది నేను. ఇల్కా కాఫీ తెచ్చి నా ముందు పెట్టాడు. అడగకుండా నా మొగుడు నాకు కాఫీ తేవడం నేనెరగను. వాసన కంటే ముందు అనుమానం తగిలింది.

"విర్పీ, బ్యాకప్ అయిపోయింది. చూశానని ఒక్క ముక్క రాసెయ్."

టాంపెరే ఊళ్లో మేమిద్దరం ఒకే ఆఫీసు. అతను టీమ్ లీడర్, నేను అతని కింద. ఈ ప్రాంతపు పిల్లల టీకాల వివరాలన్నీ పాత మెషీన్ల నుంచి కొత్తవాటికి మారుస్తున్నాం. ఆఫీసులో ఒక నియమం ఉంది. బ్యాకప్ ఒకరు తీస్తే, దాన్ని వేరేచోట తెరిచి రెండోవాళ్లు 'చూశాను' అనాలి. ఆ మాట పడ్డాకే పాతవి చెరిపేస్తారు. చెరిపేది ఈ సాయంత్రమే.

"తెరిచి చూసి రాస్తాను."

"మొగుడి మాట మీద నమ్మకం లేదా?" నవ్వుతూనే అన్నాడు.

ఈ ఇంట్లో 'అయిపోయింది' అనడం అతని వంతు, అయిందో లేదో చూడటం నా వంతు. ఆవిరిస్నానపు గదిలో సౌనా పొయ్యి ఆర్పేశానంటాడు, వెళ్లి చూస్తే ఎర్రగా ఉంటుంది. బడికెళ్లే మా పాపకి చేతి తొడుగులు పెట్టానంటాడు, సంచిలో ఒకటే ఉంటుంది. రెండోది వెతికి పెడతాను, ఎవరికీ చెప్పను. ఓసారి అత్తయ్య కంటపడ్డాను. "మావాడు వేసిన తాళం మళ్లీ లాగి చూస్తావేంటమ్మా, వాడేమన్నా పసివాడా?" అంది. ఆఫీసులో ఇదే పనికి నాకు జీతమిస్తారు. ఇంట్లో దీని పేరు అనుమానం.

"ఎన్ని మెషీన్ల నుంచి తీశావు?"

"ఒకదాన్నుంచి. అన్నింట్లో ఉన్నదీ అదే కదా!"

ఒకప్పుడు నిజమే. మూడు మెషీన్లున్న రోజుల్లో ప్రతిదాంట్లోనూ మొత్తం ఉండేది. చలికాలంలో ఇంకో మూడు చేర్చాం. అప్పట్నుంచి వివరాలు ఆరింటికీ పంచి ఉంటాయి, ఏ ఒక్కదాంట్లోనూ సగానికి మించి లేదు. చేర్చింది నేను. పైవాళ్ల మీటింగులో నిలబడి, ఇదే మాట విడమరిచి చెప్పి చప్పట్లు కొట్టించుకున్నది అతను.

వేళ్ల నీలం తుడుచుకుని లాప్‌టాప్ తెరిచాను.

"ఆ బెర్రీలు మెత్తబడిపోతాయి, ముందు వాటి సంగతి చూడు," అన్నాడు.

చూడలేదు. బ్యాకప్‌ను ఖాళీ మెషీన్‌లోకి ఎక్కించి లెక్క అడిగాను. ప్రతి ఇద్దరు పిల్లల్లో ఒకరి వివరాలు లేవు.

"సగం లేదు, ఇల్కా."

ఎలా అని అడగలేదు. కంగారూ పడలేదు. కిటికీలోంచి పెరట్లో ఉన్న తల్లి వైపు చూసి, గొంతు తగ్గించాడు.

"ఇంకెవరికన్నా చెప్పావా?"

అప్పుడు అర్థమైంది. అతనికి ముందే తెలుసు.

"పైవాళ్లకి నిన్ననే అయిపోయిందని చెప్పేశాను. ఇప్పుడు వెనక్కి తగ్గితే నాకిస్తామన్న మేనేజరు పోస్టు ఇంకొకడికిస్తారు. ఇవాళ్టికి రాసెయ్, మనింటి కోసమే కదా. మిగతాది తర్వాత చూసుకుందాం."

"చెరిపేశాక ఎక్కణ్ణుంచి తెస్తావు?"

రేపు ఏ నర్సో ఏ పిల్ల పేరో వెతికి దొరక్క అడిగితే, 'చూశాను' అన్న మాట కింద ఉండేది నా పేరే. అందుకే కాఫీ.

టీమ్ మొత్తానికీ వెళ్లేలా రాశాను: 'చూశాను. సగం లేదు. పాతవి చెరపొద్దు.' పంపించి అతని వైపు తిరిగాను.

"ఇప్పుడు చెప్పాను."

ఇల్కా కొక్కేనికున్న జాకెట్ అందుకున్నాడు. బూట్ల తాళ్లైనా కట్టుకోకుండా, పెరట్లోంచి "ఎక్కడికిరా?" అని అడుగుతున్న తల్లిని దాటుకుని వెళ్లిపోయాడు.