ఐదు గంటలకు మూసే కౌంటరు

ఒక్క రోజు ఆలస్యంగా మొరపెట్టుకుంటే దేవుడు వినడా? రెండుపూటలా ఆయనకు దణ్ణం పెట్టుకునే నేను ఆరేళ్ళుగా ఆయన్నే అడుగుతున్నాను.

మా మిల్లులో బాయిలర్ పేలి ఐదుగురు పోయారు. వాళ్ళలో నా తమ్ముడొకడు. కింది కోర్టు యజమాని తప్పేమీ లేదంది. అప్పీలుకు వెళితే, "మిల్లు ఆఫీసు రేవు పట్నంలో ఉందని యజమాని కాగితం పెట్టాడు. కేసు అక్కడికి మారింది, అక్కడికే పొండి" అన్నారు. పరిగెత్తాం. "ఐదుగురికీ కలిపి ఒక్క కాగితమా? ఎవరిది వాళ్ళే వేసుకోవాలి" అని అక్కడి గుమాస్తా తిప్పి పంపాడు. విడివిడిగా రాయించుకుని వచ్చేసరికి గడువు ఒక్క రోజు దాటింది. ఆలస్యానికి కారణం రాసివ్వమన్నారు. నా దగ్గర పెన్ను లేదు. యజమాని లాయరే తనది తీసిచ్చాడు.

"ఉంచుకో పెద్దాయనా. నీకు మళ్ళీ పనికొస్తుంది" అని నవ్వాడు.

నేను రాసిన కారణం ఎవరూ చదవలేదు. అప్పీలు కొట్టేశారు.

అతుకులేసిన ఆ బాయిలరే నిరుడు మళ్ళీ పేలింది. ఇంకో ఇద్దరు పోయారు. ఈసారి మా యూనియన్ ఒక్క గడువూ జారనివ్వలేదు. యజమానికి జైలుశిక్ష పడింది. అప్పీలుకు ముప్పై రోజులిచ్చారు.

ఇరవై తొమ్మిది రోజులు అతను కదల్లేదు. ఎందుకో రేవు పట్నం కోర్టు ఊడ్చే అక్క చెప్పింది.

"శుక్రవారం పెద్ద జడ్జిగారు సెలవు. ఆ ఒక్క రోజూ కుర్చీలో కూర్చునేది యజమానికి కావలసినాయన. గడువుకు ఆఖరి రోజూ అదే. ఆ పూటే అప్పీలు, ఆ పూటే బెయిలు!"

యూనియన్ గది అట్టుడికింది. "లాయరు కాళ్ళు విరగ్గొడదాం" అన్నాడు ఫిట్టర్.

"విరగ్గొడితే తన గుమాస్తాతో అప్పీలు పంపిస్తాడన్నా" అంది నా తమ్ముడి భార్య. "కౌంటరు ఐదింటికి మూస్తారు. మనకు తలా ఒక అర్జీ లేదూ?"

శుక్రవారం కౌంటరు తెరిచేసరికి మూడువందల పన్నెండు మందిమి వరసకట్టాం. పాత కేసు తిరగతోడమని తలా ఒక అర్జీ.

గుమాస్తా తలపట్టుకున్నాడు. "అందరూ కలిసి ఒకటి రాసుకురావచ్చుగా!"

"ఎవరిది వాళ్ళే వేసుకోవాలన్నది మీరే కదా సార్" అంది మరదలు. "పేజీ పేజీకీ వేలిముద్ర చూసి మరీ పుచ్చుకోండి."

భోజనం చేసి తాపీగా వచ్చాడు యజమాని లాయరు. "జరగండి, అర్జెంటు!"

"మాది ఆరేళ్ళ అర్జెంటు. వరస తోక ఎక్కడుందో వెతుక్కుని నిలబడండి" అన్నాడు ఫిట్టర్.

లాయరు పోలీసుల్ని పిలిపించాడు. వాళ్ళు వచ్చి చూశారు. అరుపు లేదు, తోపులాట లేదు. లాఠీ ఎత్తడానికి సాకు దొరకలేదు. లాయరు వరసలో నిలబడ్డాడు, చెమటలు తుడుచుకుంటూ.

అతని ముందు ఇంకా పంతొమ్మిది మంది ఉండగా ఐదు కొట్టింది. కౌంటరు తలుపు దడాలున పడింది.

ఆ చప్పుడు నాకు తీయగా ఉంది. ఇలా సంతోషపడటం పాపమేమో. ఆ సాయంత్రం దేవుడికి ఉన్నదున్నట్టు చెప్పుకున్నాను. క్షమించమని మాత్రం అడగలేదు.

"ఆలస్యానికి కారణం రాసిస్తాం! సోమవారం వస్తాం!" అని మూసిన తలుపు బాదుతూ అరిచాడు లాయరు.

"రండి బాబూ. సోమవారం పెద్ద జడ్జిగారే ఉంటారు" అంది ఊడ్చే అక్క, చీపురు దులుపుతూ.

మూడువందల గొంతులు ఒక్కసారి నవ్వాయి. నేను వరసలోంచి బయటికొచ్చి, జేబులో పెన్ను తీసి అతని చేతిలో పెట్టాను.

"మీదే బాబూ. ఆరేళ్ళుగా దాచాను. కారణం రాసుకోండి."