రాయని ఫోల్డర్

నాకు తెలివి ఎక్కువని మా ఊరు నాగలమడికలో అందరూ అంటారు. ఆ తెలివితోనే మా తాత బైలప్ప నోట్లో మన్ను కొట్టాను.

నేనూ, వై.ఎన్.హొసకోట ఊరి సునీల్‌కుమారూ కాలేజీలో కలిసి చదివాం. మూడేళ్లుగా ఇద్దరం కలిసి ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ రాస్తున్నాం. మన కంప్యూటర్‌లో ఏ ఫోల్డర్ ఉండాలో, ఏ సెట్టింగ్ ఎలా ఉండాలో ఒక్క ఫైలులో రాసిపెడితే చాలు, అచ్చం అలాగే సర్దిపెడుతుంది. దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు, దిద్దొచ్చు. పైసా రాదు, గర్వం మాత్రం బోలెడు.

పోయిన నెల సునీల్ ఒక కొత్త పద్ధతి తెచ్చాడు. సెట్టింగులుండే చోట, ఫైలులో రాయనిది ఏదున్నా తుడిచెయ్యాలట.

"అడక్కుండా తుడిచేస్తే ఎట్లప్పా?" అన్నాను.

"అడిగేటట్లుంటే ఫైలు రాసేది ఎందుకు మంజూ? రాసింది ఉంటాది, రాయంది పోతాది. అంతే."

వారం రోజులు వాదించి, విసుగొచ్చి ఒప్పుకున్నాను. ఒకరు చేసిన మార్పును రెండోవాళ్లు సొంత కంప్యూటర్‌లో నడిపి చూశాకే కలపాలని మా ఒప్పందం. వండింది మనం రుచి చూడకుండా ఊరికి వడ్డించకూడదని ఆ షరతు పెట్టింది నేనే.

ఇప్పుడు సోలార్ పలకల కింద ఉన్న మూడెకరాలు తాత నలభై ఏళ్లు దున్నిన చేను. పహణిలో, అంటే సర్కారు భూమి పత్రంలో, మాత్రం వాళ్లన్న పేరే ఉంది. అన్న పోయాక ఆయన కొడుకులు సంతకాలు పెట్టి సోలార్ పార్కుకు గుత్తకిచ్చేశారు. పోయేలోగా పహణిలో తన పేరు ఒక్కసారి చూసుకోవాలని తాత ఆశ. తన చేత్తో కందాయం, అదే భూమి పన్ను, కట్టిన పాత రసీదులే ఆయనకున్న ఆధారం. వాటిని చెదలు తినేశాయి. అంతకుముందు నేను తీసిన ఫోటోలు నా ల్యాప్‌టాప్‌లో మిగిలాయి. సోమవారం తాలూకా కచేరీలో దాని మీద విచారణ.

ఆ ఫోటోలున్న ఫోల్డర్ పేరు నా ఫైలులో రాయలేదు. మరిచిపోయి కాదు, సిగ్గుపడి. నా ఫైలునే నమూనాగా అందరికీ కనబడేలా పెట్టాం. మా ఇంటి తగాదా లోకానికెందుకని ఆ ఫోల్డర్‌ను సెట్టింగుల మధ్యకు తీసుకుపోయి దాచాను. దాచింది అక్కడేనన్న సంగతే మరిచిపోయాను.

శనివారం పొద్దున సునీల్ మార్పును నడిపాను. రెండు సెకన్లు పట్టింది. 'అంతా సరిగ్గా ఉంది' అని వచ్చింది. కలిపేశాను. తర్వాత ఫోటోలు ప్రింటు తీయించడానికి పావగడ బయలుదేరబోతూ చూస్తే ఫోల్డర్ లేదు. ఫోటోలు తీసిన ఫోను ఎప్పుడో పగిలిపోయింది.

కబురు చేస్తే సునీల్ బండి మీద హుటాహుటిన వచ్చాడు. సాయంత్రం దాకా వెతికాడు.

"ఏమీ దొరకలేదు మంజూ. నువ్వు చెప్పినట్లే అడిగేది పెట్టింటే..." అని తల వంచుకున్నాడు.

వాణ్ని నాలుగు తిట్టాలనిపించింది. కానీ కలిపింది నేనే కదా. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

తాత అరుగు మీద కూర్చుని ఉన్నాడు. జరిగింది చెప్పాను.

"రాయకుంటే తుడిచేస్తాదా?"

"అవును తాతా."

"మీ మిషనూ కచేరీ మాదిరే ఉండాదే." కోపం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది. "మీ పెదతాత పేరుంటే నా పేరున్నట్లే అనుకొంటి పాపా. అన్నదమ్ముల మధ్య రాసుకునేది సిగ్గనుకొంటి."

నాకు ఏడుపు ఆగలేదు. "సోమవారం పోదామా తాతా?" అన్నాను.

"ఏం ఎత్తుకోని పోదాం?" అన్నాడు. లేచి లోపలికి పోయాడు.

నేను ల్యాప్‌టాప్ తెరిచాను. సిగ్గు విడిచి, లోకమంతా చదివేలా, నా ఫైలులో ఒక వరుస చేర్చాను: బైలప్ప రసీదులు. నడిపాను. ఆ పేరుతోనే ఒక ఫోల్డర్ తయారైంది. తెరిచి చూశాను, ఖాళీ. కింద మాత్రం 'అంతా సరిగ్గా ఉంది' అని వచ్చింది.